గింజ దొరికితే చాయ్ నాది

కర్నూలు

ఇరవై రూపాయలు పెట్టి నవ్వులపాలు కావడం ఎలాగో నాకు తెలుసు. కర్నూలు బస్టాండు దగ్గర ఒకాయన చెక్కపెట్టె మీద విత్తనాల పొట్లాలు పరిచి అమ్ముతుంటే ఒకటి కొన్నాను. పొట్లం మీద పచ్చటి సీతాఫలం బొమ్మ, దాని కింద లావుపాటి అక్షరాలు: ‘గింజలు లేని సీతాఫలం. మేలైన విత్తనాలు. గద్వాల.’

బంధువుల పెళ్ళికని తెనాలి నుంచి వచ్చాం, నేనూ మా వదినా. వదినంటే మా అన్నయ్య భార్య, భారతి. ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి ఆ మధ్యనే రిటైరైంది. సీతాఫలం తినేటప్పుడు నాకున్న ఒకే ఒక్క కష్టం గింజలు. అవి లేని చెట్టు మా పెరట్లో పెంచుతానని విడిదింట్లో గొప్పగా చెప్పి, పొట్లం వదిన చేతికిచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. జోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

“రమణా, గింజలే లేని పండుకి ఈ గింజలు ఎక్కణ్ణుంచి తెచ్చాడే?”

సాయంత్రానికి పెళ్ళివారందరికీ తెలిసిపోయింది. కాళ్ళకు దణ్ణం పెట్టడానికి వంగిన పెళ్ళికొడుకు కూడా “అత్తయ్యగారూ, మొలిచాయా?” అని అడిగాడు. నాకు ఉక్రోషం వచ్చింది. గద్వాల ఎంతో దూరం లేదు, వెళ్ళి అడుగుదామన్నాను. గింజలు లేని పండుకి గింజలు ఉంటాయని అక్కడ ఒక్కరు చెప్పినా వదిన నాకు గద్వాల చీర కొనాలి, చెప్పకపోతే నేను ఆవిడకు కొంటాను. వదిన వెంటనే ఒప్పుకుంది. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది. ఎలాగూ వెళ్తున్నాం కదా, వనపర్తి, నాగర్‌కర్నూలు కూడా చూసి అచ్చంపేట మీదుగా ఇంటికి పోదామని తనే దారి కూడా చెప్పింది.

మానవపాడు

మానవపాడులో దిగడానికి కారణం కిటికీలోంచి కనిపించిన అరటితోట. మాది అరటి దేశం. అయినా మిరప చేల మధ్య, బోరు కింద ఒక చిన్న పొలం చెక్కలో అరటి కనిపించేసరికి వదినకు బంధువుల ఇల్లు కనిపించినంత సంబరం. రాత్రి కురిసిన వానకి నల్లరేగడి మా చెప్పులకు అంటుకుంది. పది అడుగులు వేసేసరికి ఒక్కో కాలు శేరు బరువెక్కింది. ఇంకో పది అడుగులకు వదిన ఎడమ చెప్పు భూమిలోనే ఉండిపోయింది, వదిన ముందుకు వెళ్ళిపోయింది.

ఆ చెప్పు పీకి ఇచ్చిన మనిషే తోట యజమాని ఈరమ్మ. మిరపలో కలుపు తీయిస్తోంది.

“ఏడికెళ్లి వచ్చిన్రు? లెక్కలు రాసుకునేటోళ్లా?”

“కాదమ్మా, తెనాలి వాళ్ళం. మీ అరటి చూద్దామని.”

ఈరమ్మ మమ్మల్ని జాలిగా చూసింది. “పాపం, అరటి చెట్టు ఎన్నడు సూడలేదా?”

అవునని తల ఊపాను. వదిన నన్ను గిల్లింది.

గట్టు మీద కూర్చోబెట్టి సద్ది విప్పింది. జొన్న రొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ. మా వైపు జొన్న రొట్టె చక్కెర జబ్బు వచ్చినవాళ్ళకు డాక్టరు వేసే శిక్ష. ఇక్కడ అది పొద్దుటి బలం. పొడి నాలుకకు తగలగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈరమ్మ అది చూసి, ఇష్టంగా తింటున్నాననుకుని ఇంకో చెంచా వేసింది.

అరటికి గింజ ఎందుకు లేదో ఎప్పుడైనా ఆలోచించావా అని వదిన ఆవిడను అడిగింది. టీచర్లు రిటైరవుతారు గానీ వాళ్ళ ప్రశ్నలు రిటైరవవు. పండును నిలువునా చీల్చి మధ్యలో ఉన్న నల్లటి చుక్కలు చూపించింది. అవి గింజలు కావలసినవి, కాకుండా ఆగిపోయాయి.

“చూడమ్మా, మామూలు మొక్కలో తల్లి వాటా ఒకటి, తండ్రి వాటా ఒకటి, మొత్తం రెండు వాటాలుంటాయి. గింజ కట్టాలంటే మొక్క ముందు వాటిని సగానికి సగం పంచాలి. మనం తినే అరటిలో రెండు కాదు, మూడు వాటాలున్నాయి.” మూడు రొట్టెలు తీసి గుడ్డ మీద పెట్టింది. “ఈ మూడు రొట్టెల్నీ ఇద్దరికి సమంగా పంచు. తుంచకూడదు.”

ఈరమ్మ ఒక రొట్టె నాకిచ్చింది, ఒకటి వదినకిచ్చింది. మూడోది తను తినేసింది.

“అయిపాయె,” అంది. “గింత దానికి పరేషాన్ ఎందుకు?”

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో వదినకు ఇలాంటి జవాబు రాలేదు. తేరుకుని, అరటికి ఆ తెలివి లేకపోయింది కాబట్టే అది గింజ కట్టలేక కాయ ఒక్కటే కడుతుందని చెప్పింది. అందుకే చెట్టు మొదలు దగ్గర వచ్చే పిలకలు తవ్వి నాటుతాం. పిలక వేరే మొక్క కాదు, తల్లిచెట్టు ముక్కే. అలా చూస్తే ఈ చెక్కంతా ఒకే చెట్టు.

“అంటే ఒకదానికి తెగులొస్తే?” అన్నాను.

“అన్నింటికీ వస్తుంది. గింజ లేనిదానికి మనిషి చెయ్యే దిక్కు. మనం మానేస్తే అది ఉండదు.”

గద్వాల

పొట్లం మీద ఉన్న పేరుతో గద్వాలలో ఏ కొట్టూ లేదు. మూడు వీధులు తిరిగి, ఒక పాత విత్తనాల దుకాణంలోకి వెళ్ళి పొట్లం చూపించాను. దుకాణం సేటు పెద్దాయన, తెల్ల టోపీ, మెడలో తాడుకు కట్టిన కళ్ళజోడు. చదివి పొట్లం పట్టుకునే లేచాడు. గడపలోకి వెళ్ళి ఎదురు వరసకు వినబడేలా అరిచాడు.

“ఓ మల్లేశా! జర పని ఇడ్సిపెట్టి గిటు రా! గిది సూడు!”

మల్లేశు వచ్చాడు. మల్లేశు వెనక ఇంకో నలుగురు వచ్చారు. పొట్లం చేతులు మారింది. సేటు దాన్ని చింపి గింజలు అరచేతిలో పోసుకున్నాడు.

“మోసమేం లేదమ్మా. అసలైన సీతాఫలం గింజలే. ఎవరో తిని ఉమ్మినయి.”

ఆ నవ్వు తగ్గాక, ఓడిపోయినదాన్ని కాబట్టి నీరసంగానే అడిగాను, గింజలు లేని ఏ పండుకూ గింజలుండవా అని.

“ఎందుకుండయి? తర్బూజకు ఉంటయి. కంపెనీవోడు వచ్చి చెప్పిపోయిండు. ధర శానా ఎక్కువ.”

నేను వదిన వైపు తిరిగాను. ఆవిడ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తోంది.

“వదినా, నీకిది తెలుసా?”

“తెలుసు,” అంది ఫ్యానుతోనే. తర్వాత ఇక తప్పక విప్పి చెప్పింది. తర్బూజ అంటే మన పుచ్చే, ఒక పుచ్చ మొక్కకు మందు పెట్టి దాని రెండు వాటాల్ని నాలుగు చేస్తారు. దాని పువ్వుకు మామూలు రెండు వాటాల మొక్క పుప్పొడి అద్దుతారు. నాలుగులో సగం రెండు, రెండులో సగం ఒకటి, కలిస్తే మూడు. అలా పుట్టిన గింజ మొలుస్తుంది, తీగ సాగుతుంది, కాయ కాస్తుంది. ఆ కాయలో మాత్రం గట్టి గింజలుండవు. ఆ విత్తనం కావాలంటే ప్రతిసారీ ఆ తల్లిదండ్రుల దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి.

“మరి కర్నూల్లో ఎందుకు చెప్పలేదు?”

“పందెం కాసేవాళ్ళకు పాఠం చెప్పే అలవాటు నాకు లేదు.”

సేటు తీర్పు చెప్పాడు. సీతాఫలం సంగతిలో నేను ఓడాను, పందెం మాట ప్రకారం గెలిచాను, కాబట్టి సగం సగం. ఆ లెక్కన ఇద్దరం ఒకరికొకరు చీర కొనాలి. చీరల కొట్టులో ధర వినగానే ఇద్దరం ఒకేసారి పందెం రద్దు చేద్దామనుకున్నాం. కానీ కొట్టాయన అప్పటికే పదిహేడో చీర పరిచాడు. నూలు చీరకు పట్టు అంచును విడిగా నేసి ఎలా కలుపుతారో చూపిస్తూ, కలిపిన చోటు కనిపెట్టమన్నాడు. నేను కనిపెట్టలేకపోయాను. కొనేశాం.

వనపర్తి

వనపర్తిలో మా పరువు సేమియా పాయసంలో పోయింది.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో భోజనం బాగుంది. మా వైపు పప్పు నెయ్యి కోసం చూస్తుంది, ఇక్కడ పప్పు పులుపు మీదే నిలబడుతుంది. చివర గ్లాసుల్లో సేమియా ఇచ్చారు. వదిన అందులోంచి ఒక కిస్మిస్ తీసి స్టీలు ప్లేటు అంచున పెట్టి, పిన్నీసుతో చీల్చడం మొదలుపెట్టింది. వడ్డించే అతను చూశాడు. లోపలికి పరుగెత్తి ఓనరును తీసుకొచ్చాడు.

“ఏమొచ్చిందమ్మా, పురుగా?” ఓనరు గొంతు తగ్గించి అడిగాడు. “జర మెల్లగ మాట్లాడుండ్రి. పక్క టేబులోళ్లు ఇంటరు.”

“పురుగు కాదు బాబూ, గింజ.”

“గింజ గూడ రావొద్దమ్మా! ఒరే, వీళ్లకు వేరే గ్లాసులు తే!”

వద్దని మేం ఎంత చెప్పినా వినలేదు. రెండో గ్లాసు తాగుతూ వదిన ఆ గింజను, నిజానికి గింజ అనదగ్గది కాని మెత్తటి పలుకును, నాకు చూపించింది. గింజల్లేని ద్రాక్ష కథ అరటి కథ కాదు. ఇక్కడ పువ్వుకు పుప్పొడి అంటుతుంది, గింజ మొదలవుతుంది కూడా, కానీ పెరగకుండా మధ్యలోనే ఆగిపోతుంది. అది మొదలైనట్టు కాయకు కబురందుతుంది, ఆగిపోయినట్టు అందదు. అందుకని కాయ పెరిగిపోతుంది. తీగ కత్తిరించినప్పుడు రాలే పుల్లల్ని తడిమట్టిలో గుచ్చితే చాలు, వేళ్ళు వేసి కొత్త తీగలవుతాయి.

“అన్నీ అంత తేలికా?” అన్నాను.

“కాదు. కొన్ని చెట్లు పుల్ల గుచ్చితే చస్తాయి గానీ వేరు వెయ్యవు.”

బయటికొచ్చి దారిలో తినడానికి జామకాయలు కొన్నాను, లోపల ఎర్రగా ఉండేవి, రూపాయికొకటి.

గోపాల్‌పేట

గోపాల్‌పేటలో మా బస్సు టైరు కూర్చుంది. స్పేర్ టైరు అంతకుముందే కూర్చుని ఉంది. రెండు గంటలు పడుతుందని చెప్పి డ్రైవరు చెట్టు నీడకు పోయాడు. ఎండలో బండి నడిపి అలిసిపోయాడు కదా అని మా సీసాలో మజ్జిగ ఆయనకిచ్చాను.

“మీది కోస్తా దిక్కా అమ్మా?” అన్నారెవరో. స్టాపు పక్కనే రేకుల షెడ్డులో సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన. తెల్ల గడ్డం, నీళ్ళ తొట్టిలో ముంచిన ట్యూబు. పేరు ఖాజా మియా అని తర్వాత తెలిసింది.

“ఎలా కనిపెట్టారు?”

“బస్సు పంచరైతె గీడి మంది డ్రైవర్ను తిడుతరు. మీరు మజ్జిగ తాపిస్తున్రు.”

ఆయన పక్కన పళ్ళెంలో నాలుగు జామకాయలున్నాయి. పెద్దవే గానీ ఒక్కటీ గుండ్రంగా లేదు, అన్నీ బొడిపెలు తేలి ఉన్నాయి. ఒకటి నా చేతిలో పెట్టాడు.

“దీంట్ల గింజ దొరికితె చాయ్ నాది. దొరకకుంటె నాకు మీరు తాపియ్యాలె.”

పక్కనున్న చాయ్ హోటలతను అప్పటికే గ్లాసు కడుగుతున్నాడు. అది నేను గమనించి ఉండాల్సింది. జామకాయకీ గింజకీ పందెమేమిటి, ఈ ముసలాయన అమాయకుడు అనుకుంటూ కాయను కోశాను. లోపల తెల్లటి గుజ్జు తప్ప ఏమీ లేదు. ముక్కలు చేశాను. నమిలాను. లేదు.

ఈ ప్రయాణంలో ఒక్కసారైనా నికరంగా గెలవాలనిపించింది. అటు తిరిగి, సంచిలో ఉన్న వనపర్తి జామకాయ నుంచి పిన్నీసుతో ఒక గింజ పీకి, చేతిలోని ముక్కలోకి నొక్కాను.

“ఇదిగో గింజ!”

ఖాజా మియా దాన్ని గోటి మీద పెట్టుకుని వెలుతురులో చూశాడు. “అమ్మా, నా కాయ తెలుపు. ఈ గింజకు ఎర్ర గుజ్జు అంటుకున్నది. ఇప్పుడు రెండు చాయ్‌లు. ఒకటి ఓడినందుకు, ఒకటి దొంగతనానికి.”

డ్రైవరు, కండక్టరు, సగం బస్సు నవ్వింది. అందరికంటే గట్టిగా మా వదిన నవ్వింది. చాయ్ మూడు రూపాయలు. ఈ పళ్ళెం పెట్టుకుని కూర్చున్న పన్నెండేళ్ళలో జామ కాసే రోజుల్లో ఖాజా మియా తన డబ్బుతో చాయ్ తాగింది లేదని హోటలతను గర్వంగా చెప్పాడు.

వదిన కళ్ళు తుడుచుకుని, చెట్టు చూపించమంది. అంతవరకూ నవ్వుతున్న ముసలాయన నవ్వు ఆపేశాడు.

చెట్టు షెడ్డు వెనక, ఇంటి వాకిట్లో ఉంది. పక్కకు ఒరిగిపోయింది. కింద ఒక గుంజ, గుంజకు ఆసరాగా సైకిలు రిమ్ము. మొదలంతా పురుగు తొలిచిన కంతలు, వాటి కింద రంపపు పొట్టు. పోయిన వారం గాలికి కాండం సగానికి చీలింది. పై కొమ్మలు మాత్రం ఇంకా పచ్చగా ఉన్నాయి.

“నాకు పని నేర్పిన ఉస్తాద్ ఇచ్చిన మొక్క,” అన్నాడు. “ఆయన చెట్టు ఎన్నడో పోయింది. ఇది ఒక్కటే ఉన్నది. మూడు వానకాలాలు కొమ్మలు ఇరిసి పాతిన. ఆకులేసినట్టే ఏసి ఎండినయి.”

బియ్యం కడుగుతున్న ఆయన భార్య హలీమా లేచి వచ్చింది. “ఈయన మాట ఇనకుండ్రి అక్కా. పాతిండు గని మనసు పెట్టి పాతలే. ఊరంత గీ జామనే అయితె చాయ్ ఎవడు తాపిస్తడు? మా బిడ్డ పదేండ్ల సంది ఒక్క మొక్క అడుగుతున్నది.”

ఖాజా మియా కాదనలేదు. గుంజ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

ఇది కూడా మూడు వాటాల చెట్టే అయి ఉంటుందని, జామ కొమ్మ విరిచి పాతితే బతకడం కష్టమని, చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేళ్ళు పుట్టించాలని వదిన చెప్పింది. దాన్ని గాలి అంటు అంటారు. “నేను కడతాను. వేళ్ళొస్తే ఒక మొక్క మీ అమ్మాయికి, ఇంకోటి ఊళ్ళో అడిగినవాళ్ళకి ఇవ్వాలి. రాకపోతే నెల నెలా మీ చాయ్ డబ్బులు తెనాలి నుంచి మనియార్డరు చేస్తాను.”

“అంటు కట్టకుంటె?”

“ఇది పడిపోయిన రోజున ఈ జామ కథ అయిపోతుంది. దీనికి గింజ లేదు కదా భాయ్.”

ఆయన చాలాసేపు చెట్టునే చూశాడు. హలీమా బియ్యం గిన్నె పట్టుకుని నిలబడింది. బస్సులో వాళ్ళు కూడా ఒక్కొక్కరే వాకిట్లోకి వచ్చి చేరారు. చివరికి ఆయన షెడ్డులోకి పోయి, పాత సైకిలు ట్యూబును పొడుగాటి పేలికలుగా కోసుకుని వచ్చాడు.

“కట్టుడుకు ఇది అయితదా?” అన్నాడు.

వదిన పెన్సిలు లావు కొమ్మలు ఐదు ఎంచింది. ఒక్కోదానికి అంగుళం మేర చుట్టూ బెరడు తీసి, తెల్లగా బయటపడిన చోట జారుడు పొర పోయేదాకా కత్తితో గీసింది. హలీమా ఎర్రమట్టి, మాగిన పేడ, చింపిన గోనె పీచు తడిపి ముద్ద చేసింది. ఆ ముద్దను కొమ్మకు అద్ది, పైన చక్కెర సంచిలోని ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు కొసలా ట్యూబు పేలికలతో బిగించాం. పైనుంచి దిగే ఆహారం బెరడు లేని చోట ఆగిపోతుందని, తడి తగిలితే అక్కడే వేళ్ళు పుడతాయని వదిన అందరికీ చెప్పింది. టైరు ఎప్పుడో సిద్ధమైంది. కానీ డ్రైవరే కొమ్మ వంచి పట్టుకుని ఉన్నాడు, హారన్ కొట్టేవాళ్ళు లేరు. ఒక మొక్క తనకూ కావాలన్నాడు.

మా ఇంటి ఫోను నెంబరు రాసిచ్చి బస్సెక్కాం. కదులుతుంటే ఖాజా మియా కిటికీ దగ్గరికి వచ్చాడు. “తడి ఆరకుంట సూస్త. గని పందెం మీరే ఓడుతరు,” అన్నాడు.

నాగర్‌కర్నూలు, అచ్చంపేట

నాగర్‌కర్నూల్లో లాడ్జి మంచం ఎక్కాక వదిన ఒకటే గొణుగుడు. బెరడు సరిగ్గా గీశానా, రెండో కొమ్మకు ముద్ద పలచనైందా అని. నేను చీర మడతలు పెట్టుకుంటూ, ఓడితే మనియార్డరు ఫారాలు నేనే నింపుతానని ధైర్యం చెప్పాను.

పొద్దున్నే అచ్చంపేట. అప్పుడే మొదలైన కాపు, నల్లమల అంచు ఊళ్ళ నుంచి బుట్టల్లో సీతాఫలాలు దిగుతున్నాయి. బుట్ట నలభై రూపాయలు. అమ్మే మనిషి పేరు బాలమ్మ. అక్కడే కూర్చుని తినమని పండు చీల్చి ఇచ్చింది. గింజలు ఉమ్ముతూ నా పాత కష్టం ఆవిడతో చెప్పుకున్నాను.

“గింజల్లేకుంటె నువ్వు రెండు నిమిషాలల్ల మింగి పోతుంటివి,” అంది బాలమ్మ. “ఉన్నయి గనక గీడ కూసోని నాతోని ముచ్చట పెడుతున్నవు.”

ఈ చెట్లు ఎవరు నాటారంటే, తనకు తెల్వదంది. మనుషులు తిని ఉమ్మినవి, పిట్టలు వదిలినవి. ఎవరూ కొమ్మ పట్టుకుని నిలబడలేదు. వదిన ఆ మాట విని తింటున్న పండు పక్కన పెట్టి, గోపాల్‌పేటలో వాన పడుతుందా అని బాలమ్మను అడిగింది. అది ఏ ఊరో బాలమ్మకు అర్థం కాలేదు.

తెనాలి

ఇంటికి వచ్చిన రెండున్నర నెలలకు, కార్తీకం దాటాక, మా ఇంటికి ఫోనొచ్చింది. వదిన ఆ రోజు మా ఇంట్లోనే ఉంది.

“గోపాల్‌పేట నుంచి ఖాజాను అమ్మా. ఐదుకు ఐదు ఎండినయి. మనియార్డర్ పంపుండ్రి.”

రిసీవరు పక్కన చెవి పెట్టి నేనూ విన్నాను. వదిన కుర్చీలో కూర్చుండిపోయింది. మనియార్డరు మాట ఎత్తలేదు. “పెద్దచెట్టు?” అని మాత్రం అడిగింది.

“అది పోయిన నెలనే పడిపోయింది.”

తప్పు తనదేనని, ముద్ద ఇంకా మందంగా పెట్టాల్సిందని వదిన చెప్పబోయి మధ్యలోనే ముక్కు ఎగబీల్చింది. అవతల నుంచి ఖాజా మియా గొంతు కంగారుగా వినిపించింది. “అమ్మా! ఏడుస్తున్రా ఏంది? అయ్యో, ఊకె అన్న…”

ఫోను కోసం పెనుగులాట వినబడింది. ఈసారి హలీమా. “అబద్ధం అక్కా! పెద్దచెట్టు పడ్డది నిజం గని, నాలుగు బతికినయి! ఒకటి మా బిడ్డకిచ్చిన, ఒకటి డ్రైవరు పట్కపోయిండు, ఒకటి చాయ్ హోటలోడు అడుక్కున్నడు. నాలుగోది మా వాకిట్ల ఉన్నది. ఈయన దానిసుట్టు సైకిలు చక్రాలతోని కంచె కట్టిండు. మేకలొస్తయని పొద్దంత ఆడనే కూసుంటున్నడు. పంచర్లకొచ్చినోళ్లు తిట్టుకుంట పోతున్నరు.”

వదిన ఒకేసారి ఏడ్చి నవ్వింది. మళ్ళీ ఖాజా మియా వచ్చి, పందెం తనే ఓడినట్టు మెల్లగా ఒప్పుకుని, మొక్కకు నీళ్ళు రోజూ పొయ్యాల్నా, దినం తప్పించి దినమా అని అడిగాడు. ఇంకేం, వదినకు క్లాసు దొరికింది. నీళ్ళు, ఎరువు, కొసలు తుంచడం, అన్నీ పది నిమిషాలు చెప్పింది. బిల్లు ఆయనదన్న ఆలోచన ఇద్దరికీ లేదు.

“అంత మంచిదే గని అమ్మా, కాయ ఎన్నడు కాస్తది?”

“రెండేళ్ళు పడుతుంది భాయ్.”

“రెండేండ్లా!” అని అరిచాడు. “అంటే రెండేండ్లు నా పైసలతోని నేనే చాయ్ తాగాల్నా?”

అని ఫోను పెట్టేశాడు.